సీల్ మార్చినా ఆయిల్ ఆగలేదు, కారు వదిలించుకోవాలా?

పేరు బయటపెట్టొద్దని కోరుతూ ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. సారాంశం ఇది.

ఆయన నడుపుతున్నది 23 ఏళ్ల పాత కారు. ఇంజన్ ముందు ఉంటుంది, లాగేది వెనక చక్రాలు. వాళ్ల నాన్నగారు కొత్తగా కొన్న బండి. చూపు తగ్గాక ఆయన నడపడం మానేసి తాళాలు కొడుక్కి ఇచ్చారు. కిందటేడు కారు నిలిపిన చోట, వెనక ఇరుసుకు సరిగ్గా ముందు, నేల మీద నల్లటి చుక్కలు కనిపించాయి. మెకానిక్ చూసి డిఫరెన్షియల్‌కు (ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ముందువైపు ఉండే పినియన్ (ఆ పెట్టెలోకి తిరుగుడు తెచ్చే చిన్న గేరు) ఆయిల్ సీల్ పోయిందన్నాడు, మార్చాడు. కొన్ని నెలలు బాగానే ఉంది, తర్వాత మళ్లీ చుక్కలు. నకిలీ సీల్ వచ్చి ఉంటుందని అదే మెకానిక్ ఇంకోటి వేశాడు. అది మొదటి దానికన్నా తొందరగా కారడం మొదలుపెట్టింది. రెండో మెకానిక్ చిక్కటి ఆయిల్ పోసి నడుపుకోమన్నాడు. మూడో ఆయన హౌసింగ్ (ఆ గేర్ల పెట్టె) దించి క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద గేరు), పినియన్ కొత్తవి వేయాలన్నాడు. ఆ ఖర్చు కారు విలువలో సగం దాకా వస్తుంది.

ఇంట్లో ఇంకో గొడవ. నాన్నగారు "నెలకోసారి కాస్త పోసుకుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతమా" అంటున్నారు. భార్య పిల్లలతో ఆ కారెక్కి దూరం వెళ్లడానికి ఒప్పుకోవడం లేదు. రెండు నెలల్లో కుటుంబమంతా వెళ్లాల్సిన ప్రయాణం ఒకటి ఉంది. బావమరిది అమ్మేయమని, కొనే మనిషిని కూడా చూశానని అంటున్నాడు. కాకపోతే ఆయిల్ సంగతి చెప్పొద్దట, కింద శుభ్రంగా కడిగించి ఇచ్చేస్తే చాలట. "సీల్ మళ్లీ మార్పించాలా, మొత్తం వేయించాలా, అమ్మేయాలా? ఏది చేసినా ఎవరో ఒకరి దగ్గర తప్పు చేసినవాణ్ణే అవుతాను. కారు కిందకి వంగి చూడాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది" అని ముగించారు. మధ్యలో ఎక్కడో ఒక మాట ఉంది: "మొదటిసారి సీల్ మార్చినప్పటి నుంచి కాస్త వేగం అందుకోగానే వెనక నుంచి సన్నగా హోరు వస్తోంది. టైర్లు పాతబడ్డాయి కదా, అదే అయ్యుంటుంది."

నేను ఆగిపోయింది ఈ మధ్యలో మాట దగ్గరే. హోరు సీల్ మార్చాక మొదలైందని మీరే రాశారు, వెంటనే దాన్ని టైర్ల ఖాతాలో వేసేశారు. చుక్కలూ హోరూ ఒకే చోటి నుంచి వస్తూ ఉండొచ్చు. అదే నిజమైతే మీరు అడిగిన మూడు ప్రశ్నలకన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది. కొత్త సీల్ ఎందుకు నిలబడలేదు? ముగ్గురు మెకానిక్‌లు మూడు మందులు చెప్పారు గానీ, రోగం ఏమిటో ఒక్కరూ చెప్పలేదు. మీరు కూడా అడిగినట్టు లేదు.

పాత కారులో మొదటి సీల్ పోవడం వింతేమీ కాదు. అది లోహపు రింగుకు అంటిపెట్టిన రబ్బరు పెదవి, దాన్ని చుట్టి పట్టుకుని ఒక సన్నటి స్ప్రింగు. పినియన్ కొసకు బిగించి దానితో పాటు తిరిగే ఫ్లేంజ్ అనే ఉక్కు భాగం మీద ఏళ్ల తరబడి ఆనుకుని ఉంటుంది. వేడికి రబ్బరు గట్టిపడుతుంది, అంచు అరుగుతుంది. దానికి వేరే కారణం వెతకక్కర్లేదు. కానీ కొత్త సీల్ నెలల్లోనే కారిందంటే తప్పు సీల్‌ది కావడం అరుదు. నకిలీ సరుకు లేదని కాదు, రెండుసార్లు వరసగా అదే కారణమంటే మాత్రం నాకు నమ్మబుద్ధి కాదు.

ముందు తేలిగ్గా తేలిపోయే అనుమానం చెప్తాను. డిఫరెన్షియల్ హౌసింగ్ పైభాగంలో, లేదా ఇరుసు గొట్టం మీద, బ్రీదర్ అని చిన్న రంధ్రమో గొట్టమో ఉంటుంది. బండి నడిచేకొద్దీ లోపలి ఆయిల్ వేడెక్కుతుంది, గాలి వ్యాకోచిస్తుంది, ఆ గాలి బయటికి పోయే దారి అది. ఇన్నేళ్ల మట్టీ జిడ్డూ కలిసి దాన్ని మూసేస్తే, లోపలి ఒత్తిడి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ను నెట్టుకొస్తుంది. ఆ బలహీనమైన చోటు సీల్ పెదవే. దాన్ని విప్పి శుభ్రం చేయడం కొద్ది నిమిషాల పని. మీ సీల్ రెండుసార్లు మార్చిన మెకానిక్ ఇది చూశాడో లేదో అడగండి. చూడలేదంటే, ఆ మనిషి చేతికి మూడోసారి అదే పని ఇవ్వడానికి ముందు ఆలోచించుకోండి.

రెండోది, ఫ్లేంజ్. సీల్ పెదవి ఆనే చోట ఉక్కు మీద ఏళ్ల రాపిడికి గాడి పడుతుంది. చూపుడు వేలి గోరుతో గీస్తే తెలిసిపోతుంది, గోరు ఆగిందంటే గాడి ఉన్నట్టే. కొత్త సీల్‌ను సరిగ్గా ఆ గాడి మీదే కూర్చోబెడితే అది కారక ఏం చేస్తుంది? గాడి మీద పలుచటి ఉక్కు తొడుగు ఎక్కించొచ్చు, ఫ్లేంజ్ మార్చొచ్చు, లేదా చోటు ఉంటే సీల్‌ను రవ్వంత ముందుకో వెనక్కో కూర్చోబెట్టి పెదవి కొత్త చోట ఆనేలా చేయొచ్చు.

ఇంకోటి చాలామంది కంటికి ఆనదు. పినియన్ కొస మీద ఫ్లేంజ్ ఎక్కే నిలువు గాళ్ల గుండా, అంటే స్ప్లైన్ల గుండా, ఆయిల్ పాకి నట్టు చుట్టూ బయటపడుతుంది. బయటికి చూస్తే అచ్చం సీల్ కారినట్టే ఉంటుంది. సీల్ ఎన్నిసార్లు మార్చినా ఆగదు, ఎందుకంటే ఆయిల్ సీల్‌ను దాటి రావడం లేదు, లోపలి దారిలో వస్తోంది. ఫ్లేంజ్ ఎక్కించేటప్పుడు స్ప్లైన్లకు, నట్టు కింది వాషర్‌కు సీలెంట్ పూస్తే ఆగిపోతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్‌కు వచ్చే పొడవాటి గొట్టం) విప్పినప్పుడు తడి అనేది ఫ్లేంజ్ మధ్య గుంటలో నట్టు చుట్టూ ఉందా, వెనక సీల్ అంచు మీద ఉందా అన్నది చూడమనండి.

ఇక అసలు అనుమానం. పినియన్ సీల్ మార్చడం చూడ్డానికి చిన్న పనే: షాఫ్ట్ విప్పి, పెద్ద నట్టు తీసి, ఫ్లేంజ్ లాగి, పాత సీల్ పెకిలించి, కొత్తది కొట్టి, మళ్లీ బిగించడం. కిటుకంతా ఆ నట్టులో ఉంది. అది కేవలం ఫ్లేంజ్‌ను పట్టి ఉంచే నట్టు కాదు. పినియన్‌కు ముందూ వెనకా ఉన్న రెండు బేరింగ్‌ల మీద ఎంత బిగువు ఉండాలో నిర్ణయించేది అదే. చాలా కార్లలో ఆ రెండు బేరింగ్‌ల మధ్య నలిగే స్లీవ్ ఒకటి ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ అది నలుగుతూ సరైన బిగువు దగ్గర ఆగాలి. ఒకసారి ఎక్కువ నలిగిందంటే వెనక్కి రాదు, నట్టు వదులు చేసినా లాభం లేదు, కొత్త స్లీవ్ వేయాల్సిందే. కొన్ని కార్లలో స్లీవ్‌కు బదులు కొలిచి వేసే పలుచటి రింగులు (షిమ్‌లు) ఉంటాయి, వాటితో ఈ ప్రమాదం తక్కువ. మీ కారులో ఏది ఉందో దాని సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది.

పద్ధతి తెలిసినవాడు ఏం చేస్తాడంటే, వెనక చక్రాలు, డ్రమ్ములు తీసేసి, బ్రేక్ రాపిడి లేకుండా చూసుకుని, పినియన్ తిప్పడానికి ఎంత బలం పడుతోందో చిన్న టార్క్ రెంచ్‌తో ముందే కొలిచి రాసుకుంటాడు. నట్టు, పినియన్ కొస, ఫ్లేంజ్ మూడింటి మీదా ఒకే వరసలో గుర్తు పెడతాడు. సీల్ మార్చాక నట్టు కొద్దికొద్దిగా బిగిస్తూ, ఆ కొలతకు సమానంగా, లేదా రవ్వంత ఎక్కువ వచ్చేసరికి ఆపేస్తాడు. పద్ధతి తెలియనివాడు గాలితో నట్లు బిగించే తుపాకీ పెట్టి ఇక తిరగనంత వరకు బిగిస్తాడు. లేదా భయపడి తక్కువ బిగిస్తాడు.

ఎక్కువ బిగిస్తే బేరింగ్ నలుగుతుంది, వేడెక్కుతుంది, హోరెత్తుతుంది. ఆ వేడికి పక్కనే ఉన్న కొత్త సీల్ గట్టిపడి కారుతుంది. తక్కువ బిగిస్తే పినియన్ ముందుకూ వెనక్కూ కదులుతుంది, గేర్ పళ్లు కలవాల్సిన చోట కలవవు, అప్పుడూ హోరే. ఆ కదలికను సీల్ పెదవి అందుకోలేక అప్పుడూ కారుతుంది. ఎటు తప్పినా ఫలితం ఒకేలా ఉంటుంది: హోరు, చుక్కలు. మీ ఉత్తరంలో ఉన్నవీ ఈ రెండే. పైగా నట్టు రెండుసార్లు విప్పి బిగించారు. రెండో సీల్ మొదటిదానికన్నా తొందరగా పోవడం నాకు అందుకే వింతగా అనిపించలేదు.

ఇదంతా ఉత్తరం మీద ఆధారపడి చెప్తున్నది, కారు చూసి కాదు. కాబట్టి తేల్చుకోవడం మీ చేతిలోనే ఉంది, అంత కష్టమూ కాదు.

హోరు టైర్లదో కాదో ముందు చూడండి. టైర్ల హోరు రోడ్డు మారితే మారుతుంది, గరుకు తారు నుంచి నున్నటి రోడ్డు ఎక్కగానే తేడా వినిపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా దానికి పట్టింపు లేదు. చక్రం బేరింగ్ అయితే మలుపుల్లో ఒకవైపు పెరుగుతుంది, ఇంకోవైపు తగ్గుతుంది. గేర్ పళ్ల హోరు లాగేటప్పుడు ఒకలా, యాక్సిలరేటర్ వదిలేసి బండి దానంతటది పోతున్నప్పుడు ఇంకోలా ఉంటుంది. పినియన్ బేరింగ్ మోత మాత్రం లాగినా వదిలినా దాదాపు అలాగే ఉండి, వేగంతో పాటు పెరుగుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి పినియన్ మూడు, నాలుగు చుట్లు తిరుగుతుంది కాబట్టి దాని స్వరం చక్రం బేరింగ్ కన్నా సన్నగా ఉంటుంది. మీరు రాసిన "సన్నగా హోరు" అన్న మాట నాకు అందుకే గుచ్చుకుంది.

ఇక్కడ మీ నాన్నగారి సాయం తీసుకోండి. మర్యాద కోసం చెప్తున్న మాట కాదు. ఆయనకు చూపు తగ్గింది, చెవులు బాగానే ఉన్నాయి కదా? ఆ కారు కొత్తగా ఉన్నప్పటి నుంచి విన్న మనిషి ఇంకొకరు లేరు. వెనక సీట్లో కూర్చోబెట్టి, రద్దీ లేని రోడ్డు మీద వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపండి. "మీరు నడిపేటప్పుడు ఈ మోత ఉండేదా?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఆయన ఉండేదంటే నా అనుమానం సగం కొట్టుకుపోతుంది. లేదంటే, "కాస్త పోసుకుంటే పోతుంది" అన్న మాట ఆయనే వెనక్కి తీసుకోవచ్చు.

తర్వాత కారు కింద చూడాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి, ఇరుసు కింద రెండు స్టాండ్లు పెట్టాల్సిందే. ఇంకో సంగతి కొందరికి తట్టదు. మీ కారులాంటి చాలా బళ్లలో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలనే పట్టుకుంటుంది, గేర్‌లో పెట్టినా ఆపేది వెనక చక్రాలనే. వాటిని గాల్లోకి లేపాక ఆ రెండూ కారును ఆపలేవు. అందుకే ముందు చక్రాలకు రెండు వైపులా గట్టి అడ్డు పెట్టండి. చదునైన నేల తప్ప వద్దు. ఇంజన్ ఆపి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, ఫ్లేంజ్‌ను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకీ, ముందుకూ వెనక్కూ ఊపండి. అటూ ఇటూ తిప్పినప్పుడు కొద్దిపాటి ఆట ఉండడం మామూలే, పళ్ల మధ్య ఆ మాత్రం ఖాళీ ఉండాలి. పైకీ కిందకీ గానీ ముందుకూ వెనక్కూ గానీ ఊగితే మాత్రం బేరింగ్ బిగువు పోయినట్టే. ఆ స్థితిలో ఎంత మంచి సీల్ వేసినా డబ్బు దండగ. ఏమీ ఊగలేదంటే అంతా బాగున్నట్టు కాదు, ఎక్కువ బిగిస్తే కూడా ఊగదు.

చుక్కలు వస్తున్న చోటు కూడా ఖాయం చేసుకోండి. గాలికి ఆయిల్ వెనక్కి పాకి అంతటా అంటుకుంటుంది, అందుకని తడి చూసి ఏమీ చెప్పలేం. అంతా కడిగి ఆరబెట్టి, కాస్త దూరం నడిపి వచ్చి వెంటనే చూడండి. ఫ్లేంజ్‌కు సరిగ్గా పైన, బండి అడుగున, ఆయిల్ వరసగా చిమ్మిన గీత ఉంటే పినియన్ దగ్గరే. వెనక మూత అంచు నుంచైతే గాస్కెట్ (మూత కింది అట్ట) పోయినట్టు. వెనక చక్రాల లోపలివైపు, బ్రేక్ ప్లేటు కింద తడి కనిపిస్తే అది వేరే సీల్, ఇరుసు కొసలది. దాన్ని ఒక్కరోజు కూడా వాయిదా వేయొద్దు. అక్కడి ఆయిల్ నేరుగా బ్రేక్ షూల మీద పడుతుంది. ఆయిల్ తాగిన షూలు తుడిచినా పనికిరావు, మార్చాల్సిందే. అది బ్రేక్ ఫ్లూయిడ్ కాదని కూడా చూసుకోండి: బ్రేక్ ఫ్లూయిడ్ అయితే పలచగా ఉంటుంది, బానెట్ కింద దాని డబ్బాలో మట్టం తగ్గుతుంది. గేర్ ఆయిల్ జిగటగా ఉండి కుళ్లు కంపు కొడుతుంది. దానిలో కలిపే గంధకం పదార్థాల వాసన అది. ఒకసారి ముక్కుకు తగిలితే మళ్లీ పొరబడరు.

ఇప్పుడు దారుల సంగతి.

పోసుకుంటూ నడపడం, అంటే నాన్నగారి దారి. దీన్ని నేను కొట్టిపారేయను. హోరు లేకుండా, ఫ్లేంజ్ ఊగకుండా, సీల్ అంచు చెమ్మగిల్లడం మాత్రమే ఉంటే పాత కారు ఏళ్ల తరబడి అలాగే తిరుగుతుంది. కానీ "కాస్త" అంటే ఎంతో ఆయన ఎప్పుడైనా కొలిచారా? ఇంజన్ ఆయిల్‌కు గేజ్ పుల్ల ఉంది, హెచ్చరిక దీపం ఉంది. డిఫరెన్షియల్‌కు ఆ రెండూ ఉండవు. మీలాంటి కారులో అందులో పట్టేది మామూలుగా ఒకటి నుంచి రెండు లీటర్ల లోపే, కాబట్టి రోజుకు నాలుగు చుక్కలైనా నెలల్లో లెక్కకొస్తాయి. మట్టం చూసే పద్ధతి ఒక్కటే: కారు చదునుగా ఉండాలి, పోసే రంధ్రం బిరడా విప్పాలి, ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. అంతకన్నా ఎక్కువ పోసినా మంచిది కాదు, ఎక్కువైంది కూడా సీళ్ల మీదకే పోతుంది. మట్టం తగ్గితే మొదట ఎండేది ముందు పినియన్ బేరింగే, ఎందుకంటే క్రౌన్ వీల్ చిమ్మే ఆయిల్ చివరగా చేరేది అక్కడికే. ఇక ఇంట్లో ఉంది కదా అని ఇంజన్ ఆయిల్ పోయడం మాత్రం వద్దు. ఈ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, జారుతూ రాసుకుంటాయి. ఆ ఒత్తిడిని తట్టుకునే ఆయిల్ వేరు, ఎక్కువ కార్లకు జీఎల్-5 రకం, 80డబ్ల్యూ-90 లాంటి చిక్కదనం. మీ కారు పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే. మీ బండికి ఇప్పుడు హోరు ఉంది కాబట్టి, దాని కారణం తేలేదాకా ఈ దారి ఒక మధ్యంతర ఏర్పాటు మాత్రమే.

చిక్కటి ఆయిల్ కూడా ఈ బాపతే. కారే వేగం కాస్త తగ్గుతుంది, చలిలో బండి బరువుగా లాగుతుంది, బేరింగ్ సమస్య ఉంటే అలాగే ఉంటుంది. సీసాల్లో అమ్మే లీకు ఆపే మందులు రబ్బరును ఉబ్బిస్తాయి. గట్టిపడిన పాత సీల్‌కు కొన్నాళ్లు పనిచేయొచ్చు. మీవి కొత్త సీళ్లు, వాటి రోగం రబ్బరు గట్టిపడడం కాదు, అందుకని వాటి జోలికి పోకండి.

మళ్లీ సీల్ మార్పించడం. బేరింగ్ బాగుండి, తప్పు బ్రీదర్‌దో ఫ్లేంజ్‌దో స్ప్లైన్లదో అని తేలితే ఇదే సరైన దారి, చవకైన దారి కూడా. ఈసారి పని ఇచ్చే ముందు మెకానిక్‌ను "విప్పే ముందు పినియన్ తిరిగే బిగువు దేనితో కొలుస్తావు?" అని అడగండి. చేత్తో అంచనా వేస్తానంటే మర్యాదగా వచ్చేయండి. కొత్త నట్టు కూడా వేయమనండి, చాలా కార్లలో ఆ నట్టు ఒక్కసారి వాడకానికే.

బేరింగ్ పోయిందని తేలితే మధ్యలో ఇంకో మెట్టు ఉంది, దాని పేరు ఎవరూ మీ ముందు ఎత్తలేదు. పినియన్ బేరింగ్‌లు, కొత్త స్లీవ్, సీల్, నట్టు వేసి కొలతలు సరిచేయడం. క్రౌన్, పినియన్ జత మార్చాల్సింది వాటి పళ్లు దెబ్బతింటేనే. బేరింగ్ పోయినంత మాత్రాన గేర్లు పోయినట్టు కాదు, హోరును పట్టించుకోకుండా చాలాకాలం నడిపితే మాత్రం పళ్లు కూడా చెడతాయి. మూడో మెకానిక్ చెప్పింది అబద్ధం కాకపోవచ్చు, కానీ లోపల చూడకుండా చెప్పాడు. పాత ఆయిల్ దించేటప్పుడు పక్కనే నిలబడండి. అయస్కాంతం బిరడాకు బూడిదరంగు మెత్తటి పేస్టు అంటుకోవడం మామూలే. గోరంత రేకులో ముక్కలో కనిపిస్తే లోపల ఏదో విరుగుతోంది. ఆయిల్ పాలు కలిపినట్టుంటే నీళ్లు దూరాయి. పళ్లు మీ కళ్లతో చూడండి: నున్నగా మెరుస్తుంటే సరే, గుంటలు, పెచ్చులు ఉంటే ఆయన మాట నిజమే.

పళ్లు పోతే, కొత్త జతకన్నా తుక్కుకు వెళ్లిన అదే రకం కారు నుంచి మొత్తం యూనిట్ తెచ్చి వేయడం తక్కువలో అవుతుంది. దాని చరిత్ర ఎవరికీ తెలియదన్నది దీని లోపం. గేర్ నిష్పత్తి మీ కారుదే కావాలి. లేకపోతే బండి లాగే తీరు మారుతుంది, వేగం గేర్‌బాక్స్ నుంచి చూపించే కార్లలో మీటర్ తప్పు చూపిస్తుంది. అది నేల మీద ఉండగానే సీళ్లన్నీ మార్పించండి, ఎక్కించాక అదే పనికి మళ్లీ కూలి ఇవ్వాలి.

అమ్మడం కూడా ఒక దారే, పాత బండితో విసిగిపోయి అమ్మితే అందులో తప్పేమీ లేదు. బావమరిది చెప్పిన తీరులో మాత్రం వద్దు. కింద కడిగించి ఇస్తే ఆ బండిలో రేపు ఇంకో ఇంటి పిల్లలు కూర్చుంటారు, మీ ఆవిడ మీ పిల్లల గురించి భయపడుతున్నది దీనికే కదా. ఆ తడి ఎలాగూ వారం తిరక్కుండా బయటపడుతుంది, కొన్నవాళ్లు బావమరిది ఇంటికి కాదు, మీ ఇంటికి వస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, మరమ్మతుకు ఎంతవుతుందో అంచనా చూపించి, ఆ మేరకు ధర తగ్గించి ఇవ్వండి. రోగం తేల్చాక అమ్మితే ఎక్కువ వస్తుందా, తేల్చకుండా అమ్మితేనా అన్నది కూడా చూసుకోండి. "డిఫరెన్షియల్ మొత్తం పోయిందేమో" అన్న బండికీ "పినియన్ బేరింగ్ మార్చాలి" అన్న బండికీ కొనేవాడు ఇచ్చే ధర ఒకటి కాదు.

మీ ఆవిడ భయం గురించి. ఈ రోజు ఉన్న స్థితిలో ఆవిడ మాటే సరైనది. పినియన్ బేరింగ్ ఉన్నట్టుండి పట్టేయడం అరుదు, సాధారణంగా అది చాలాకాలం అరిచి చెప్తుంది. మీ బండి అరుస్తోంది కాబట్టే నేనూ ఆవిడ వైపు ఉన్నాను. ఆయిల్ పూర్తిగా ఎండి వేగంలో పట్టేస్తే వెనక చక్రాలు ఆగిపోతాయి, అప్పుడు బండిని అదుపులో పెట్టడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఆ ప్రయాణానికి ఇప్పుడే వేరే ఏర్పాటు అనుకుని పెట్టుకోండి. ఈలోపు పని పూర్తయి, కొన్నాళ్లు దగ్గర దగ్గర తిరిగి, హోరు పోయి, మట్టం తగ్గకుండా ఉంటే అప్పుడు మనసు మార్చుకోవచ్చు. ప్రయాణం తేదీని పట్టుకుని మెకానిక్‌ను తొందరపెట్టడం మాత్రం వద్దు. కొలిచి బిగించాల్సిన నట్టు తుపాకీతో బిగించేది ఆ తొందరలోనే.

ఏది చేసినా ఎవరో ఒకరి దగ్గర తప్పుచేసినవాణ్ణవుతానన్నారు. ఇప్పటిదాకా ఇంట్లో జరిగిన వాదన అంతా ఎవరికీ తెలియని విషయం మీద జరిగింది. నాన్నగారు చెమ్మ గురించి మాట్లాడుతున్నారు, మీ ఆవిడ ప్రమాదం గురించి, బావమరిది డబ్బు గురించి. కారు కింద చూసి వచ్చాక వాళ్లకు చెప్పడానికి మీ దగ్గర ఒక సంగతి ఉంటుంది: బేరింగ్ ఊగుతోంది, లేదా ఊగడం లేదు. దాని మీద కూడా వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. నడిపేది మీరు, బాధ్యత మీది, ఆఖరి మాట కూడా మీదే. నాన్నగారికి అది బాధనిపిస్తే, కొనేటప్పుడు ఆయన ఎవర్ని అడిగి కొన్నారో గుర్తు చేయండి, నవ్వుతూనే.

ఆయిల్ మీరే చూసుకోదలిస్తే, దించే బిరడా ముట్టుకోకముందే పోసే బిరడా విప్పి చూసుకోండి. ఇన్నేళ్ల బండిలో అది పట్టేసి ఉండొచ్చు. కింద ఆయిల్ అంతా దించేశాక పైది రాలేదంటే కారు అక్కడే ఉండిపోతుంది. పని పూర్తయిన తర్వాత మొదటి కొన్ని రోజులు ఒకటీ అరా చుక్క పడితే కంగారుపడి మళ్లీ మెకానిక్ మీదకు వెళ్లకండి, పాత ఆయిల్ సందుల్లో మిగిలి కారుతూ ఉంటుంది. తుడిచి, వారం ఆగి, బిరడా విప్పి మట్టం చూడండి. మట్టం తగ్గినా, హోరు అలాగే ఉన్నా, కొలత కాగితంతో సహా మళ్లీ రాయండి.